నాయకుణ్ణి తప్పిస్తే సంస్థ కూలుతుందా?

ప్రశ్న: ఉగ్రవాద సంస్థల అధినేతల్ని వరసగా మట్టుబెడుతున్నా సంస్థలు నడుస్తూనే ఉన్నాయి. ఇందులో లాభం ఉందా?

జవాబు: ఉంది, కానీ అన్నిచోట్లా కాదు. ఖాళీ అయిన కుర్చీలో కూర్చునేవాణ్ణి ఎంచుకునే ఏర్పాటు సంస్థకు ఉందా లేదా అన్నది ముందు చూడాలి. లెబనాన్ సాయుధ సంస్థ హెజ్బొల్లా నేత అబ్బాస్ ముసావీని ఇజ్రాయెల్ 1992 ఫిబ్రవరి 16న చంపింది. సంస్థ నిర్ణయాలు తీసుకునే షూరా మండలి వెంటనే హసన్ నస్రల్లాను ఎన్నుకుంది. అతడు ముసావీని మించినవాడు. 2024లో హతమయ్యేదాకా 32 ఏళ్లు చక్రం తిప్పాడు. 2004లో పాలస్తీనా సంస్థ హమాస్ అగ్రనేతలు యాసిన్‌, రంతీసీలను నెల తిరక్కుండా ఇజ్రాయెల్ చంపింది. 2006 జనవరి ఎన్నికల్లో హమాసే గెలిచింది. బడులూ, ఆసుపత్రులూ, విరాళాలూ ఉన్న సంస్థ ఒక్కడి మీద ఆధారపడదు.

ఇరాక్‌లో అల్ ఖైదా శాఖ అధినేత జర్ఖావీ 2006 జూన్‌లో చనిపోయాడు. అయినా ఆ శాఖను నిజంగా దెబ్బతీసింది ఆ తర్వాత సున్నీ తెగలు ఎదురుతిరగడం, మధ్యస్థాయి కమాండర్ల మీద రాత్రిపూట ఆగకుండా సాగిన దాడులు. బాంబులు తయారుచేసేవాడు, డబ్బు చేరవేసేవాడు పోతే పని నిజంగా ఆగుతుంది. ఆ ఒత్తిడి తగ్గాక, పక్కనే సిరియాలో యుద్ధం రాజుకున్నాక, అదే సంస్థ ఐసిస్ అనే కొత్త పేరుతో 2014లో మోసుల్‌ను పట్టుకుంది. ఇంకో చిక్కు, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు: పైవాడు పోతే కిందివాళ్లకు పగ్గాలుండవు, మామూలు జనం మీద దాడులు పెరగొచ్చు.

ప్రశ్న: చంపడం మేలా, పట్టుకోవడం మేలా?

జవాబు: వీలైతే పట్టుకోవడమే. పెరూలో షైనింగ్ పాత్ అనే మావోయిస్టు తిరుగుబాటు సంస్థ మొత్తం అబిమాయెల్ గుజ్మాన్ చేతిలో ఉండేది. వారసుడంటూ ఎవరూ లేరు. లిమాలో డాన్స్ స్కూలు నడుస్తున్న ఒక ఇంటి మీద పోలీసుల కన్ను పడింది. అక్కడుండేవాళ్లకు మించిన చెత్త బయటికొస్తోంది. సంచులు విప్పితే సోరియాసిస్ అనే చర్మవ్యాధి మందు ఖాళీ ట్యూబులు దొరికాయి. గుజ్మాన్‌కు ఆ జబ్బుందని వాళ్లకు తెలుసు. 1992 సెప్టెంబరు 12న అతణ్ణి ప్రాణాలతో పట్టుకున్నారు. అక్కడ దొరికిన కాగితాలతో మరెందరో చిక్కారు. మరుసటేడు జైలు నుంచి అతడే శాంతి చర్చలు కోరడంతో కేడర్ రెండుగా చీలింది.

పట్టుకున్నంత మాత్రాన వెంటనే ఫలితం రాకపోవచ్చు. కుర్దు నేత ఒజలాన్ 1999 ఫిబ్రవరిలో దొరికాడు. టర్కీతో పోరాడే అతడి సంస్థ పీకేకే కొన్నాళ్లు తగ్గి, 2004లో మళ్లీ ఆయుధం పట్టింది. 2025 ఫిబ్రవరిలో అదే ఒజలాన్ జైలు నుంచి సంస్థను రద్దు చేయమన్నాడు. మే నెలలో పీకేకే రద్దు ప్రకటించింది. 1999లోనే చంపేసి ఉంటే, ఆ మాట చెప్పి ఒప్పించగలవాడు ఉండేవాడు కాదు.