ఇసుక దొరకనప్పుడు మేం ఏం వాడాం, ఎక్కడ దెబ్బతిన్నాం

మీ గోడలు సగం లేచి ఆగాయి, ఇసుక లారీ రావడం లేదు, వస్తానన్నవాడు రెండింతలు అడుగుతున్నాడు. స్లాబుకు రోబో శాండ్, అంటే రాతిని మిషన్లో కొట్టి చేసిన ఇసుక, వాడొచ్చా, మిగతా గోడలు దేంతో కట్టాలి అన్నది మీ ప్రశ్న. పైగా మీ మేస్త్రీ "ఏటి ఇసుక లేకపోతే నాది పూచీ కాదు" అంటున్నాడన్నారు. మా మేస్త్రీ కూడా అచ్చంగా ఇదే మాట అన్నాడు.

మేం గుంటూరు దగ్గర ఇల్లు మొదలుపెట్టింది 2019 వేసవిలో. పునాది లేచేసరికి రాష్ట్రంలో ఇసుక విధానం మారుతోంది. ఆగస్టులో కృష్ణకు వరద వచ్చింది. సెప్టెంబరు 5 నుంచి కొత్త విధానం అన్నారు. ప్రభుత్వ స్టాక్ పాయింటు దగ్గర అప్పట్లో టన్ను 375 రూపాయలు, రవాణా మనదే. రేటు బాగానే ఉండేది, సరుకే లేదు. పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చుంటే బుకింగ్ తెరుచుకున్నంత సేపట్లోనే అయిపోయేది. నవంబరు వరకు మా వాకిట్లోకి వచ్చింది రెండు ట్రాక్టర్లు. మా మేస్త్రీ నెలన్నర పాటు బావమరిది ఆటో నడుపుకున్నాడు.

ఆ ఖాళీలో నేనూ, ఇంజనీరుగా చేసి రిటైరైన మా చిన్నాన్నా కూర్చుని, ఇంట్లో ఇసుక ఎక్కడెక్కడికి పోతుందో కాగితం మీద రాశాం. బేస్‌మెంటు నింపడం, కాంక్రీటు, గోడ కట్టే మాలు, లోపలి పూత, బయటి పూత. వీటిలో ఏటి ఇసుకే కావాలని నేను పట్టుబట్టేది బయటి పూతకు మాత్రమే. మీరూ ముందు ఆ లెక్క వేసుకోండి. ఉన్న కాస్త ఇసుకను పట్టా కప్పి దాచుకోండి. మా ఇంట్లో వాళ్లు నవ్వారు గానీ, ఆ రెండు ట్రాక్టర్లను నేను బియ్యం బస్తాల్లా కాపలా కాశాను.

బేస్‌మెంటుకు గ్రావెల్ పోసి, నీళ్లు కొట్టి, పొరలు పొరలుగా దిమ్మిస చేయించాం. మాది నల్లరేగడి కాబట్టి తవ్విన మట్టినే మళ్లీ పోయనివ్వలేదు.

ఇక స్లాబు. రోబో శాండ్ వాడొచ్చు, నిక్షేపంగా. కాంక్రీటులో వాడే ఇసుకకు ఐఎస్ 383 అని ఒక ప్రమాణం ఉంది. రాతి నుంచి తయారుచేసిన ఇసుకకూ అందులో చోటు ఉంది. మీరు రెడీమిక్స్ తెప్పించినా చాలాచోట్ల అందులో ఉండేది ఇదే. చూసుకోవాల్సింది అది నిజంగా రోబో శాండా, క్రషర్ డస్టా అన్నది. వీఎస్ఐ అనే రాళ్లు కొట్టే మిషన్లో వేసి, కడిగి పంపిన ఇసుకలో గింజ కాస్త గుండ్రంగా, ఒక తీరుగా ఉంటుంది. కంకర కొట్టగా కింద మిగిలిన డస్టులో పెంకుల్లాంటి ముక్కలూ పిండీ ఉంటాయి. రెండూ బూడిద రంగే, లారీలో ఒకేలా కనిపిస్తాయి.

నాకు ఈ తేడా తెలిసింది డబ్బు పోయాకే. పేరేచర్ల వైపు నుంచి వచ్చిన మొదటి లోడు బాగుంది, దాంతో స్లాబు వేశాం. రెండోది వేరే చోటు నుంచి రాత్రి పదకొండింటికి వచ్చింది. బిల్లు మీద రోబో శాండ్ అనే ఉంది. టార్చి వేసి చూసి దింపించేశాను. దాంతో ఉత్తరం గదికి పూత పూశారు. ఎనిమిదో రోజుకు గోడంతా ఎండిన చెరువు అడుగులా సన్నటి నెర్రెలు. వేలి గణుపుతో కొడితే డబడబ గుల్ల చప్పుడు. మేస్త్రీ మిగిలిన కుప్పలోంచి గుప్పెడు తీసి, నలిపి, అరచెయ్యి బోర్లించాడు. సగం చేతికే అంటుకుని ఉంది, గోధుమపిండి పిసికినట్టు. "ఇది ఇసుక కాదు సార్, విభూతి" అన్నాడు. ఆ గది పూతంతా చెక్కించి మళ్లీ పూయించాం. కూలి రెండుసార్లు, సిమెంటు రెండుసార్లు.

అప్పటి నుంచి లారీ దింపే ముందు సీసా పరీక్ష చేశాం. తెల్లటి నీళ్ల సీసాలో సగం దాకా ఇసుక పోసి, మిగతా నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. మూడు గంటల తర్వాత ఇసుక మీద పేరుకున్న మెత్తటి పొర, ఇసుక మొత్తం ఎత్తులో పన్నెండో వంతు దాటితే పూతకు తీసుకోవద్దు. డ్రైవరు విసుక్కుంటాడు. టీ తాగించండి. వాగు ఇసుకకూ ఇదే పరీక్ష, అందులో బురద ఎక్కువ.

స్లాబు రోజు ఇంకో గొడవ ఉంటుంది. రోబో శాండ్ గరుకు, మాలు తాపీ మీద జారదు. పనివాళ్లు వెంటనే మిల్లరులో ఇంకో బకెట్టు నీళ్లు కుమ్మరిస్తారు. నీళ్లు పెరిగితే బలం తగ్గుతుంది. అందుకని మా చిన్నాన్న ప్లాస్టిసైజర్, అంటే నీళ్లు పెంచకుండానే మాలును జారేలా చేసే మందు, తెప్పించి, డబ్బా మీద రాసిన కొలతలోనే ప్రతి బస్తాకూ తానే పోశాడు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా నీళ్ల డ్రమ్ము పక్క నుంచి కదల్లేదు. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టాం. ఇప్పటికి ఎన్ని వానాకాలాలు చూసిందో, ఒక్క చెమ్మ మచ్చ లేదు.

గోడల దగ్గర మాత్రం పదార్థమే మార్చేశాం. కింద బూడిద ఇటుక, పైన ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకులు. బూడిద ఇటుకంటే మా నాన్నకు చిన్నచూపు. ఫ్లై యాష్ అనే బొగ్గు బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి పుట్టింది విశాఖలోనే అని చెబితే కాస్త మెత్తబడ్డాడు. కానీ కొరత కాలంలో పచ్చి ఇటుక అంటగడతారు. కనీసం మూడు వారాలు తడిపి ఆరబెట్టినదేనా అని అడగండి. గోరుతో గీస్తే గీత పడితే వద్దు. నడుమెత్తు నుంచి గట్టినేల మీద వదిలితే విరగకూడదు.

ఏఏసీలో అసలు లాభం మాలుకు ఇసుకే అక్కర్లేకపోవడం. బస్తాలో వచ్చే అంటుపొడిని నీళ్లలో కలిపి రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పూసి అతికించడమే. బరువు తక్కువ, పని చకచకా సాగుతుంది. తంటా ఏమిటంటే పిల్లరూ బ్లాకూ కలిసేచోట పూత చీలుతుంది. అక్కడ కోడి జాలీ, అంటే కోళ్ల గూటికి వాడే సన్న తీగల వల, కొట్టి పూయించండి, ఖర్చని మానకండి. మేం ఒకచోట మానేశాం. ఆ చీలిక ఇప్పుడు బీరువా వెనక ఉంది. గీజరు తగిలించే గోడకు పొడుగాటి ప్రత్యేకమైన బోల్టులు వాడాలి, గోడలో దిగ్గొట్టే మామూలు ప్లాస్టిక్ గట్టా పీక్కొచ్చేస్తుంది.

మిగతా గదుల లోపల జిప్సం పూత పెట్టించాం. ఇసుక లేదు, నీళ్లు కొట్టే పని లేదు. బాత్రూముల్లో, బయటి గోడలకు మాత్రం పనికిరాదు, తడికి ఊడిపోతుంది. మా ఊళ్లో చేసేవాళ్లు లేక విజయవాడ నుంచి ముఠాను పిలిపించాం. వాళ్ల కూలి, భోజనాలు కలిపితే ఇసుక పూతకంటే చవకేమీ కాలేదు, రోజులు కలిసొచ్చాయంతే.

ఒక్కటి మాత్రం ఎంత చవకగా వచ్చినా ముట్టుకోవద్దు: సముద్రపు ఇసుక. తీరం వైపు నుంచి ఒకాయన సగం రేటుకు పోస్తానని మా ఇంటి చుట్టూ తిరిగాడు. అందులోని ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుంది. నాలుక మీద రెండు గింజలు వేసుకుంటే తెలిసిపోతుంది, మా మేస్త్రీ అలాగే పట్టుకున్నాడు.

మీ మేస్త్రీని ఒప్పించాలంటే ఒక బస్తా సిమెంటు నష్టం అనుకుని, రోబో శాండ్‌తో ప్రహరీ మీద నాలుగడుగుల పూత అతని చేతే పూయించండి. పది రోజులు తడిపి ఇద్దరూ కలిసి కొట్టి చూడండి. మావాడు ఆ ముక్క చూశాకే తాపీ పట్టాడు. స్లాబుకు ఎన్ని చదరపు అడుగులో, ఎన్ని బీములో రాయండి, ఇసుక ఎన్ని యూనిట్లు పడుతుందో మా చిన్నాన్నను అడిగి చెబుతాను.