డొమైన్ నీ ఒక్కదాని పేరు మీద పెట్టకు, బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేశాడు. తెలుగు స్పెల్‌చెకర్ ప్రాజెక్టు వెబ్‌సైటూ లోగో ఇక నువ్వే చూసుకోబోతున్నావట. "జీతం ఏమీ ఉండదట, కానీ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చట, కోడ్ కూడా అందరికీ కనిపిస్తుందట" అని తనకు తెలిసినంతలో వివరించాడు. ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో అన్న నాకు చెప్పే రోజు వచ్చింది. ఎంత సంతోషపడ్డానో నీకు చెప్పలేను. మన ఇంట్లో ఈ పని నా తర్వాత నువ్వే ఎత్తుకున్నావు.

ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అన్నాడు. "డొమైన్ కూడా తన పేరు మీదే, తన కార్డుతోనే కొంటుందట." డొమైన్ అంటే వెబ్‌సైటు అడ్రసు పేరే కదా. ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తమ్మా" అని మరిచిపోతావు, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

హోస్టింగ్, అంటే సైటు ఫైళ్లు ఉంచే చోటు గురించి నాకు పెద్దగా బెంగ లేదు. మీ సైటులో ఉండేవి నాలుగు పేజీలు, డౌన్‌లోడ్ లింకులు. గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత చోటు సరిపోతుంది. అక్కడ సైటు 1 జీబీ లోపల ఉండాలి, నెలకు 100 జీబీ వరకు బ్యాండ్‌విడ్త్ ఇస్తారు. పెద్ద ఫైళ్లను పేజీల్లో కాకుండా, అక్కడే డౌన్‌లోడ్ల కోసం ఉండే రిలీజుల్లో పెట్టు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్, అంటే సైటు భద్రమని బ్రౌజరుకు చూపే ఉచిత పత్రం, ఎక్కువలో ఎక్కువ 90 రోజులకే అయిపోతుంది కాబట్టి దాన్ని చేత్తో కాదు, ఆటోమేటిక్‌గా రెన్యూ అయ్యేలా పెట్టు. సైటు ఇంకో చోటికి మారిస్తే అడ్రసును పాత చోటికి చూపే డీఎన్ఎస్ ఎంట్రీలు తీసేయి. వదిలేసిన సబ్‌డొమైన్‌ను వేరేవాళ్లు పట్టుకుని వాళ్ల పేజీ పెట్టుకోగలరు. కాపీ ఇంకో చోట ఉంచు. ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు. సైటు పోతే గంటలో మళ్లీ పెట్టుకోవచ్చు. పేరు పోతే అలా కాదు. నేను పేరు పోగొట్టినదాన్ని, నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర నా డీటీపీ షాపు నడుస్తున్న రోజులు. తెలుగంతా 'అను' అనే ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో ఉండేది. అలా టైపు చేసింది ఇంటర్నెట్‌లో పెడితే పిచ్చి అక్షరాలు కనిపించేవి. దాన్ని ఏ కంప్యూటర్లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం ఒకటి నలుగురం కలిసి రాశాం. నేను రాసింది తక్కువ, ఏ వత్తు ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడమే నా పని. 2006లో దానికి ఒక డొమైన్ కొన్నాం. నలుగురిలో నా దగ్గరే కార్డు ఉంది కాబట్టి నా పేరు మీద కొన్నాం. ఈమెయిలు అడిగితే, షాపులో ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చిన ఈమెయిలు ఇచ్చాను. ఆ రోజు అది తప్పని ఎవరికీ తోచలేదు.

మూడేళ్లు బాగానే నడిచింది. ఎ5 సైజులో వెయ్యి పాంప్లెట్లు కొట్టి, అడుగున వెబ్‌సైటు అడ్రసు పెద్ద అక్షరాల్లో వేసి, మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ బడులకు పంచాం. సార్లు వాటిని కంప్యూటర్ గది గోడలకు అంటించుకున్నారు. ఈలోగా షాపులో కనెక్షన్ మార్చాను. పాత కనెక్షన్ రద్దు కాగానే ఆ ఈమెయిలూ పోయింది. రిజిస్ట్రార్ దగ్గర, అంటే మాకు ఆ పేరు అమ్మిన కంపెనీ దగ్గర, మాత్రం అదే ఉంది.

2009 ఎండాకాలం నీకు గుర్తుండదు, చిన్నపిల్లవి. ఎలక్షన్ల పని రాత్రీ పగలూ నడిచింది, ఫ్లెక్సీల మీద ఫ్లెక్సీలు. అది అయిపోగానే మీ నాయనమ్మకు జబ్బు చేసింది. షాపు కుర్రవాడికి అప్పజెప్పి నేను ఆసుపత్రిలో ఉన్నాను. డొమైన్‌కు గడువులోగా మళ్లీ డబ్బు కట్టాలి, మా గడువు ఆ నెలల్లోనే దాటింది. హెచ్చరికలన్నీ లేని ఈమెయిలుకు పోయాయి. తక్కిన ముగ్గురికీ ఒక్క ముక్క కూడా రాలేదు, వాళ్ల పేర్లు ఎక్కడా లేవు కదా.

ఇప్పుడు అనిపిస్తుంది, ఎంత సమయం ఉండిందో అని. డాట్ కామ్, డాట్ ఆర్గ్ పేర్లు గడువు దాటిన మర్నాడే పోవు. రిజిస్ట్రార్ 45 రోజుల వరకు ఆగవచ్చు, ఆ తర్వాత ఆ పేర్ల అసలు జాబితా ఉంచే రిజిస్ట్రీ దగ్గర ఇంకో 30 రోజులు ఎక్కువ రుసుము కట్టి విడిపించుకోవచ్చు, ఆ పైన 5 రోజులకు పేరు బజార్లోకి వస్తుంది. ఈలోపే వేలం వేసేవాళ్లూ ఉన్నారు, కాబట్టి ఈ రోజులను నమ్ముకోమని చెప్పడం లేదు. ఆ వారాల్లో ఒక్కసారి మా సైటు నేనే తెరిచి చూసి ఉన్నా తెలిసేది. చూడలేదు.

బడులు తెరిచాక దేవరకొండ నుంచి ఒక సారు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "మేడం, పిల్లల ముందు మీ సైటు తెరిచాను. ఏవేవో ఆడవాళ్ల బొమ్మలు వచ్చాయి." పేరును ఎవరో కొనుక్కుని అలాంటి ప్రకటనలు పెట్టారు. మా పాత డౌన్‌లోడ్ లింకు ఉన్న చోటే ఇంకేదో ఫైలు పెట్టారు, దాన్ని దింపుకున్న రెండు బడుల్లో కంప్యూటర్లకు వైరస్ పట్టింది. పేరు తిరిగి ఇమ్మని రాస్తే మా నలుగురం కలిసినా కట్టలేని డబ్బు అడిగారు.

ఇంటర్నెట్‌లో కొత్త అడ్రసు పెట్టుకున్నాం. గోడల మీద ఉన్న కాగితాలను ఎట్లా మారుస్తాం? ఒక నల్ల మార్కరు సంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కాను. పదిహేను రోజులు. బడి బడికీ వెళ్లి గోడ మీద పాంప్లెట్ అడుగున అడ్రసు కొట్టేశాను. కొందరు సార్లు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. ఒకచోట హెడ్‌మాస్టరు లోపలికి రానివ్వలేదు, "మా పిల్లల ముందు మాకు తలవంపులు తెచ్చారు" అన్నాడు. ఆయన మాట న్యాయమైనదే. దేవరకొండ సారు మాత్రం ఆ తర్వాత మా ప్రోగ్రాం ఎప్పుడూ వాడలేదు. నాకు అన్నిటికంటే అదే ఎక్కువ బాధ.

అందుకని డొమైన్ విషయంలో నేను చెప్పినట్టు చెయ్యి, వాదించకు. రిజిస్ట్రార్‌కు ఇచ్చే ఈమెయిలుగా నీ జీమెయిలూ వద్దు, ఆ డొమైన్ మీదే నడిచే ఈమెయిలు అసలే వద్దు. డొమైన్ ఆగితే ఆ ఈమెయిలూ ఆగుతుంది, తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే. ప్రాజెక్టుకని వేరే ఈమెయిలు తీసుకుని దాన్ని ముగ్గురు చూసేలా పెట్టండి. ఓటీపీ ఒక్క సిమ్ముకే రావడం కూడా ప్రమాదమే. నువ్వు నంబరు వదిలేస్తే మూడు నెలల తర్వాత అది వేరేవాళ్లకు ఇవ్వవచ్చు. సిమ్ముతో పని లేకుండా లాగిన్ కోడ్ చూపే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకుని, ఫోన్ పోతే పనికొచ్చే రికవరీ కోడ్లు కాగితం మీద రాసి ఇద్దరి ఇళ్లలో దాచండి.

ఆటో రెన్యూవల్ ఉంది కదా అంటావేమో. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం, ముందుగా మన అనుమతి నమోదు కాకుండా కార్డు నుంచి అలా డబ్బు తీసుకోవడానికి లేదు. బయటి దేశాల కంపెనీలకు వెళ్లే చెల్లింపులు చాలామందికి అలా ఆగిపోయాయి. కార్డు గడువు తీరినా అంతే. ఒకేసారి 10 ఏళ్ల వరకు కట్టుకోవచ్చు, కనీసం 5 ఏళ్లకు కట్టు. డబ్బు తక్కువైతే నన్ను అడుగు, మొహమాటపడకు. ట్రాన్స్‌ఫర్ లాక్ వేసి ఉంచు, పేరును ఎవరూ వేరే చోటికి మార్చుకోలేరు. ముందు ముందు ప్రాజెక్టు పెద్దదైతే పేరును మనుషుల చేతుల్లోంచి ఒక సంస్థకు మార్చండి. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల ఆస్తులు చూసుకునే ఎస్‌పీఐ అనే సంస్థ 1997 నుంచి ఇదే పని చేస్తోంది.

ఇక లోగో. ఇక్కడ నేను ఎక్కువే మాట్లాడతాను, ఇరవై ఏళ్లు అదే నా అన్నం. మీ పాత లోగో వాట్సాప్‌లో పంపావు చూడు, అది జేపీజీ. బ్యానరుకు పెంచితే అంచులు చెదురుతాయి. వేసినవాళ్ల దగ్గర అసలు ఫైలు అడుగు, లేకపోతే ఇంక్‌స్కేప్‌లో మళ్లీ గీయించి, ఎంత పెంచినా చెదరని ఎస్వీజీగా ఉంచు. అక్షరాలను తప్పకుండా కర్వ్స్ చెయ్యాలి, అంటే ఫాంటుతో పని లేకుండా గీతలుగా మార్చాలి. ఇంగ్లిష్ అయితే ఫాంటు లేకపోయినా ఏదో ఒకటి కనబడుతుంది, తెలుగులో వత్తు ఎగిరిపోతుంది. "స్ప" కాస్తా స మీద పొల్లు, పక్కన ప అయి కూర్చుంటుంది. ఒక పెళ్లిపత్రికలో పెళ్లికొడుకు పేరు అలా విరిగితే రెండు వందల కార్డులు నా ఖర్చుతో మళ్లీ కొట్టించాను. ఫాంటు ఎక్కడిదో కూడా చూడు. దొంగ కాపీ ఫాంటుతో ఓపెన్ సోర్స్ లోగో చేయకూడదు. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద సురవరం అని ఫాంటు ఉంది, ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో వచ్చింది. దాన్ని చూశావా? నాకు ఇష్టం. చిన్న సైజులో, బ్రౌజరు ట్యాబులో ఎట్లా కనబడుతుందో చూసుకుని తీసుకో. నలుపు తెలుపులో కూడా ఒకటి ఉంచు, బడులకు పంపేది జిరాక్సే.

ముఖ్యమైనది కాగితం. మీ లోగో వేసిన అబ్బాయి "వాడుకోండి అక్కా" అన్నాడని మీ బాపుతో అన్నావట. అది చాలదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలమో రాయకపోతే 5 ఏళ్లే అనుకుంటారు, ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే. మీ సైటు ప్రపంచమంతా చూసేది కదా, రెండూ స్పష్టంగా రాయించు. అతని పేరు సైటులో వేయండి, అది అతని కష్టం.

కోడ్ లైసెన్సుతోనే లోగో కూడా అందరిదీ అయిపోతుందని అనుకోకు. ఫైర్‌ఫాక్స్ కోడ్ స్వేచ్ఛగా తీసుకోవచ్చు, కానీ దాని లోగో బొమ్మ అలా కాదు. 2006లో ఆ గొడవ వల్ల డెబియన్ వాళ్లు ఆ బ్రౌజరును ఐస్‌వీజల్ అని పేరు మార్చి ఇచ్చారు, మళ్లీ ఫైర్‌ఫాక్స్ పేరు 2016లో గానీ రాలేదు. మీ లోగోను ఎవరు ఎట్లా వాడుకోవచ్చో సైటులో ఒక పేజీ రాసిపెట్టండి. బడులు, పత్రికలు అడగకుండా వాడుకోవచ్చనండి. మార్చిన ప్రోగ్రాం మీద మీ బొమ్మ వేసి ఇవ్వకూడదనండి. దేవరకొండ సారు లాంటివాళ్లు ఆ బొమ్మ చూసే ఫైలు దింపుకుంటారు.

రెండో పేరుగా అత్తమ్మను పెడతాను అన్నావట. నాకు చాలా సంతోషం, కానీ వద్దు బిడ్డా. నాకు 63 ఏళ్లు, షుగరు ఉంది, చూపు తగ్గింది. నీ ఈడువాళ్లో, నీకంటే చిన్నవాళ్లో ఎవరో ఒకరుంటారు. నువ్వు ఆసుపత్రిలో కూర్చున్న రోజున లాగిన్ అయి డబ్బు కట్టగలిగే మనిషి కావాలి.

సద్దుల బతుకమ్మకు వస్తావు కదా. ఆ మనిషిని కూడా వెంట తీసుకురా. ఆ పాంప్లెట్ ఒకటి ఇంకా బీరువాలో ఉంది, మార్కరు గీత కింద అడ్రసు లీలగా కనబడుతుంది, చూపిస్తాను. మలీద ముద్దలు చేసి పెడతాను.

మీ అత్తమ్మ,
నల్గొండ