తాతగారి షెవర్లేకి ఏ గేర్‌బాక్సు?

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది గూడూరు. పెళ్ళయ్యాక అంబత్తూరు వచ్చాను. మా తాతగారి 1951 షెవర్లే పికప్ ఇంకా నాన్న దగ్గరే ఉంది. ఆ రోజుల్లో గూడూరు నుంచి మద్రాసు కొత్వాల్ చావడికి నిమ్మకాయల గంపలు అందులోనే వచ్చేవి. తర్వాత పెట్రోలు ఖర్చు భరించలేక పెర్కిన్స్ డీజిల్ ఇంజన్ వేయించారట. ఆ డీజిల్ ఇంజన్ ఎప్పుడో అమ్మేశారు. అసలు పెట్రోల్ ఇంజన్ని మాత్రం నాన్న గోనెసంచులు చుట్టి దాచారు. దాన్నే మళ్ళీ ఎక్కించి బండి నడపాలని ఆయన కోరిక. గేర్‌బాక్సు దగ్గర ఆగిపోయాం. మా నిమ్మకాయల గోడౌన్‌లో ఒకటి దొరికింది. ఇద్దరు పట్టుకుంటేగానీ కదల్లేదు, దానిమీద నంబరు కనబడటం లేదు. పుదుపేట పాత విడిభాగాల బజార్లో ఒకాయన దగ్గర ఇంకొకటి ఉంది. "ఒరిజినల్ షెవర్లే, 40 వేలు, ఆదివారంలోగా చెప్పండి" అంటున్నాడు. రెండింటి ఫొటోలూ పంపుతున్నాను. బండి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలిస్తే 11 అడుగుల 5 అంగుళాలు వచ్చింది. తాతగారు ఎప్పుడూ రెండో గేర్లోనే బండి కదిలించేవారని నాన్న చెబుతారు. మాకేమో టెన్షన్‌గా ఉంది. ఏది మా బండిది?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు, చెన్నై

జవాబు: అమ్మా, పుదుపేట ఆయనకి డబ్బు కట్టకండి. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. ఆ గేర్‌బాక్సు పెట్టె షెవర్లేదే అయి ఉండొచ్చు, కానీ మీ బండిది కాదు. ఆ సంగతి మీ ఉత్తరంలోనే ఉంది.

మీరు టేపు పట్టి కొలవడం చాలా మంచి పని. 1947లో మొదలై 1955 మొదటి నెలల దాకా వచ్చిన ఆ తరహా షెవర్లే పికప్పులు మూడు రకాలు. చక్రానికీ చక్రానికీ మధ్య దూరం అర టన్ను 3100కి 116 అంగుళాలు, ముప్పావు టన్ను 3600కి 125 అంగుళాల పావు, టన్ను బండి 3800కి 137 అంగుళాలు. మీ 11 అడుగుల 5 అంగుళాలు సరిగ్గా 137. తాతగారిది టన్ను బండి. గంపల లోడు వేసుకుని రోజూ అంత దూరం వచ్చిన బండికి అదే సబబు.

ఇక పుదుపేట ఫొటో చూడండి. ఆ పెట్టెకి పైన లివరు లేదు, లివరు దిగే కన్నం కూడా లేదు. పక్కన రెండు పొట్టి చేతులు ఉన్నాయి. అంటే స్టీరింగు కింద లివరు ఉండే మూడు గేర్ల పెట్టె. షెవర్లే తేలిక పికప్పులకి 1948 నుంచి వచ్చింది అదే. దాని వెనక కొస చూస్తే గుండ్రంగా బంతిలా ఉంది. వెనక చక్రాలకి బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్టు ఒక గొట్టం లోపల దాగి తిరిగే బండ్లకి అలా ఉంటుంది, ఆ గొట్టాన్ని టార్క్ ట్యూబ్ అంటారు. 1954 దాకా షెవర్లే కార్లకీ, అర టన్ను పికప్పులకీ ఆ ఏర్పాటే. మీ టన్ను బండికి షాఫ్టు బయటికే కనబడుతూ క్రాసు జాయింట్లతో ఉంటుంది. ముందు వైపు ఎలాగో బిగించినా వెనక మీకు కలవదు.

ఇప్పుడు గోడౌన్ పెట్టె. నాన్నగారు చెప్పిన ఆ ఒక్క మాట నాకు పది ఫొటోల పెట్టు. రెండో గేర్లో బండి కదిలించారంటే అది నాలుగు గేర్ల లారీ పెట్టె. దాంట్లో మొదటి గేరు నిండు లోడుతో ఎత్తు ఎక్కడానికి, బురదలోంచి బయటపడటానికే. మామూలు రోడ్డు మీద దాన్ని వేస్తే బండి నడిచే మనిషికంటే నెమ్మదిగా పోతుంది. ఫొటోలో పైన పొడుగు లివరు ఉంది, పక్కన ఆరు బోల్టుల మూత ఉంది. ఆ మూత తీసి టిప్పర్ పంపులాంటివి బిగించుకుంటారు, కాబట్టి ఇది కారు పెట్టె కాదు. నా అంచనా, జనరల్ మోటార్స్ వాళ్ళు 1947 నుంచి 1967 దాకా చేసిన ఎస్‌ఎం420. కానీ అంచనా మీద ఇంజన్ ఎక్కించకండి. లెక్కపెట్టండి.

ఎలాగో చెబుతాను. పెట్టెని బల్ల మీద పెట్టి మొదటి గేరు వేయండి. మీ పెట్రోల్ ఇంజన్ తాలూకు క్లచ్ ప్లేటు ఉంటే ముందు షాఫ్టుకి తొడగండి, తిప్పడానికి చక్రంలా పనికొస్తుంది. అది బిగుతు లేకుండా, వదులు లేకుండా జారితే షాఫ్టు గాళ్ళు (దాని పొడుగునా ఉండే గాట్లు) కూడా సరిపోయినట్టే. ఎస్‌ఎం420కి 10 గాళ్ళు, లావు అంగుళం మీద ఎనిమిదో వంతు. ముందు షాఫ్టు మీదా వెనక షాఫ్టు మీదా సుద్దతో గీత పెట్టండి. వెనక షాఫ్టు 10 చుట్లు పూర్తయ్యేదాకా ముందుది తిప్పుతూ లెక్కపెట్టండి. ఒక్క చుట్టుకి లెక్కపెట్టేవాళ్ళు ఉన్నారు, అది చాలదు, దగ్గర దగ్గర పెట్టెల మధ్య తేడా అందులో తేలదు. 70న్నర వస్తే ఎస్‌ఎం420, దాని మొదటి గేరు నిష్పత్తి 7.05. 65న్నర వస్తే 1968 నుంచి వచ్చిన ఎస్‌ఎం465. 64 వస్తే బోర్గ్ వార్నర్ టీ-98, అది ఫోర్డ్ పికప్పుల్లో ఎక్కువ. టాప్ గేర్లో మాత్రం లెక్కపెట్టకండి, వీటన్నిటికీ అక్కడ ఒకటికి ఒకటే వస్తుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక దుకాణదారుడి మాట నమ్మి ఫార్గో పికప్పుకి పెట్టె తెచ్చి బిగించాను. రంగు కొత్తగా వేశారు, పేరు గట్టిగా చెప్పారు. రాతి గ్రైండర్ల లోడుతో తిరుమల ఘాట్ ఎక్కుతుంటే మలుపులో బండి ఆగింది. మళ్ళీ కదిలించబోతే క్లచ్ కాలిన కంపు, బండి వెనక్కి జారింది. క్లీనరు కుర్రాడు దూకి చక్రం కింద రాయి పెట్టబట్టి నలుగురూ బతికారు. దించి లెక్కపెడితే 10 చుట్లకి 30 కూడా రాలేదు. అది కారు పెట్టె. ఆ కుర్రాడి ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది. అప్పటి నుంచి సుద్దముక్క లేకుండా ఏ పెట్టెనీ ముట్టుకోలేదు.

నంబరు కనబడటం లేదన్నారు. జిడ్డు కింద ఉంటుంది. డీజిల్‌తో తడిపి ఒక రాత్రి వదిలి, ఇత్తడి తీగల బ్రష్‌తో రుద్దండి. గ్రైండర్ చక్రం పెట్టొద్దు, అక్షరాలు పోతాయి. షెవర్లే పోత (అచ్చులో పోసిన) భాగాల మీద తేదీ ఒక అక్షరంతో మొదలవుతుంది: జనవరికి ఎ, ఫిబ్రవరికి బి, అలా. తర్వాత రోజు, చివర సంవత్సరంలో ఆఖరి అంకె ఒక్కటే. "సి 14 1" అని ఉంటే మార్చి 14, 1951 కావచ్చు, 1961 కూడా కావచ్చు. అందుకే తేదీని సాక్ష్యంగా తీసుకోవచ్చు గానీ, తీర్పు మాత్రం చుట్ల లెక్కదే.

మీ విషయంలో ఇంకొక్కటి తప్పక చూడాలి. మద్రాసు సెంబియంలో సింప్సన్ వాళ్ళు పెర్కిన్స్ ఇంజన్లు చేస్తుండటంతో ఈ ఊళ్ళో ఎన్నో పెట్రోల్ బండ్లు డీజిల్‌కి మారాయి. మార్చేటప్పుడు పాత పెట్టెనే ఉంచి, ముందు షాఫ్టు ముక్కుని లేత్ మీద పెట్టి సన్నం చేసినవి నేను చూశాను. ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువు చక్రం) మధ్యలో ఆ ముక్కు కూర్చునే బుష్‌ని (చిన్న లోహపు గొట్టాన్ని) మీ పెట్రోల్ ఇంజన్ నుంచి తీసి ముక్కుకి తొడిగి చూడండి. లొడలొడ ఆడితే షాఫ్టు మార్చాలి, లేదంటే ఆ కొలతకి కొత్త బుష్ తిప్పించాలి. ఇంజన్‌కీ పెట్టెకీ మధ్య బిగించే బెల్ హౌసింగ్ కూడా పెట్రోల్ ఇంజన్‌దే కావాలి, గోడౌన్‌లో ఇంకోసారి వెతకండి.

ఆ పక్క మూత తీసి టార్చి వేస్తే లోపల పళ్ళు కనబడతాయి. మొదటి గేరుకి పళ్ళు తిన్నగా ఉంటాయి, దానికి సింక్రో (గేర్ల వేగాలు కలిపి మెత్తగా పడేలా చేసే ఇత్తడి రింగు) లేదు, కాబట్టి బండి ఆగాకే వేయాలి. రెండో, మూడో గేర్లకి పళ్ళు ఏటవాలుగా ఉంటాయి. తిన్నటి పళ్ళ అంచులు కొంచెం అరిగి ఉన్నా భయపడకండి. విరిగిన పన్ను కనబడితే మాత్రం ఫొటో తీసి నాకు పంపండి. ఆయిల్ జీఎల్-4 రకం 90 పోయండి. జీఎల్-5 మంచిదని దుకాణంలో ఇస్తారు, అందులోని గంధకం సింక్రోల ఇత్తడిని తినేసే ప్రమాదం ఉంది.

ప్రశ్న: జీపు పికప్పుకి టీ-90 పెట్టె కావాలి. చూపించినది యుద్ధకాలపు టీ-84 అని ఒక స్నేహితుడు అంటున్నాడు. విప్పకుండా తేల్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: తేల్చుకోవచ్చు. రెండింటికీ మూడేసి గేర్లే. టీ-84 1941–45 నాటి మిలిటరీ జీపులది, టీ-90 ఆ తర్వాత వచ్చిన సివిల్ జీపులదీ పికప్పులదీ. మొదటి గేర్లో వెనక 10 చుట్లకి ముందు 28 వస్తే టీ-90, 26న్నర దాటి కొంచెం వస్తే టీ-84. ముందు చక్రాలకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు తగిలించే ఉంటే దాన్ని హైలో పెట్టి లెక్కించండి, అక్కడ ఒకటికి ఒకటే కాబట్టి లెక్క చెడదు. లోలో పెట్టి లెక్కిస్తే అంతా తప్పు వస్తుంది. పోతలో టీ90 అనే అక్షరాలు కూడా వెతకండి. బోర్గ్ వార్నర్ పెట్టెలకి పై మూత బోల్టు కింద చిన్న లోహపు బిళ్ళ ఉండేది, అదృష్టం ఉంటే అదీ దొరుకుతుంది.