పుష్కర శ్లోకంలో ఉన్న గోదావరి ఋగ్వేదంలో లేదా?

ప్రశ్న: మా మామగారు రోజూ సంధ్యావందనం చేస్తారు. మన మతం వేదాలతోనే మొదలైందని ఆయన మాట. కాలేజీలో చదివే మా అబ్బాయేమో అంతకుముందే హరప్పా వాళ్లకి శివుడున్నాడు, ముద్ర మీద బొమ్మ కూడా ఉందంటాడు. భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ. ఎవరిది నిజమండీ?
— ఒక గృహిణి, రాజోలు

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉందమ్మా, కాకపోతే మీవాడు కాస్త తొందరపడ్డాడు. హరప్పా వాళ్ల నగరమైన మొహెంజోదారోలో దొరికిన ఆ ముద్ర మీద కొమ్ముల తలపాగా పెట్టుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చున్న రూపం, చుట్టూ ఏనుగు, పులి, ఖడ్గమృగం, గేదె ఉన్న మాట వాస్తవమే. అప్పటి పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ దాన్ని చూసి ఈయనే తొలి శివుడు, పశుపతి అన్నాడు, ఆ మాట అలాగే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేసింది. కానీ దాని మీది లిపిని అందరూ ఒప్పుకునేలా ఈరోజు వరకు ఎవరూ చదవలేదు, అలాంటప్పుడు అది దేవుడో, ఊరి పెద్దో తేల్చి చెప్పలేం. నన్నడిగితే అక్కడే దొరికిన ఇంకో ముద్ర ఎక్కువ ఆలోచింపజేస్తుంది. అందులో రావిచెట్టు మధ్యలో ఒక రూపం నిలబడి ఉంటే, ఎదుట ఒకరు మోకాళ్ల మీద వంగి మొక్కుతున్నారు. ఆ నగరాలు బాగా వెలిగింది సుమారు క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా. మన ఊళ్లలో ఇప్పటికీ రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారు కదా!

ఇక మామగారి సంగతి. ఆయన జపించే గాయత్రి ఋగ్వేదం మూడో మండలం, అంటే మూడో భాగంలోది. ఋగ్వేదంలోని 1028 సూక్తాలు (దేవతల స్తుతులు) సుమారు క్రీ.పూ. 1500–1000 మధ్య పుట్టాయని ఎక్కువమంది పండితుల లెక్క. రాత లేకుండా నోటి నుంచి నోటికి, స్వరం కూడా చెడకుండా ఇంతకాలం వచ్చాయంటే అది మామూలు సంగతి కాదు, ఆ విషయంలో మీ అబ్బాయి తాతగారికి దండం పెట్టాల్సిందే. అయితే ఆ వేదంలో పెద్ద దేవుడు ఇంద్రుడు, దాదాపు పావు వంతు సూక్తాలు ఆయనవే, తర్వాత అగ్ని. రుద్రుడికి పూర్తిగా దక్కినవి మూడే. అభిషేకంలో మీరు వినే 'మా నస్తోకే తనయే' అక్కడిదే. మా పిల్లల్ని, ఆవుల్ని, గుర్రాల్ని ఏమీ చేయకు తండ్రీ అని భయంతో వేడుకోవడం అది. యజుర్వేదంలోని నమకానికి వచ్చేసరికి అదే రుద్రుడు 'నమశ్శివాయ చ శివతరాయ చ' అనిపించుకున్నాడు. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చూడ్డానికి జనం ఎలా విరగబడతారో మీకు చెప్పక్కర్లేదు. మరి మన కోనసీమలో ఇంద్రుడి గుడి ఎక్కడైనా చూశారా? అంటే మామగారి మంత్రం వేదకాలానిదే, మనం మొక్కే దేవుళ్ల వరస మాత్రం తర్వాత మారింది.

ప్రశ్న: కొవ్వూరు గోష్పాద రేవులో పుష్కర స్నానం చేసేటప్పుడు పంతులుగారు 'గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి' అని చెప్పించారు. వేదంలో కూడా గోదావరి ఉందాండీ?
— ఒక రైతు, నిడదవోలు

జవాబు: ఋగ్వేదంలో లేదండి. మన గోదారి తక్కువని కాదు, ఆ సూక్తాలు చెప్పినవాళ్లకి ఇటువైపు తెలియదు. పదో మండలంలోని నదీసూక్తం గంగతో మొదలుపెట్టి యమున, సరస్వతి, శుతుద్రి (సట్లెజ్), పరుష్ణి (రావి) అంటూ పడమటికి నడిచి, సింధు దాటి కాబూల్ నది దాకా పోతుంది. మీరు చదివిన శ్లోకంలోనో, గోదావరి, నర్మద, కావేరి వచ్చి చేరాయి. ఈ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, మతం ఎంత దూరం నడిచిందో తెలిసిపోతుంది.

మనవాళ్ల పేరు, అంటే ఆంధ్రుల పేరు, మొదట వినబడేది యజ్ఞాల గురించి చెప్పే వైదిక గ్రంథం ఐతరేయ బ్రాహ్మణంలో, అదీ అంత మర్యాదగా కాదు. తండ్రి మాట వినని విశ్వామిత్రుడి కొడుకులు శాపం తగిలి పొలిమేరల అవతల ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు అయ్యారట! కోపం తెచ్చుకోకండి, ఆ పొలిమేర ఆట్టే కాలం నిలవలేదు. గోదావరి ఒడ్డునే, మహారాష్ట్రలో ఉన్న పైఠన్ నుంచి ఏలిన శాతవాహనులు అశ్వమేధాలు చేశారు. రాణి నాగనిక పేరుతో చెప్పుకునే నానాఘాట్ శాసనం ఆ యజ్ఞాలకిచ్చిన దక్షిణలు, ఆవులతో సహా ఏకరువు పెడుతుంది. దాని మొదట్లో నమస్కారాలు ఇంద్రుడికీ ఉన్నాయి, సంకర్షణ వాసుదేవులకీ (బలరామ కృష్ణులకీ) ఉన్నాయి. పాత దేవుడు, కొత్త దేవుళ్లు ఒకే రాయి మీద!

ప్రశ్న: ఆర్యులు దండెత్తి వచ్చారన్నది నిజమా, అబద్ధమా? ఒక్క మాటలో చెప్పండి.
— డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: ఒక్క మాటలో కుదరదు బాబూ, రెండు మాటల్లో చెప్తాను. దండయాత్రకి ఆధారం లేదు, వలసకి ఉంది. మొహెంజోదారోలో దొరికిన అస్థిపంజరాలు ఊచకోత గుర్తులన్న పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ వాదన ఎప్పుడో వీగిపోయింది. 2019లో వచ్చిన జన్యు పరిశోధనల ప్రకారం మధ్య ఆసియా గడ్డిమైదానాల జనం సుమారు క్రీ.పూ. 2000–1500 మధ్య ఇటు వచ్చి ఇక్కడివాళ్లతో కలిశారు. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, టీవీ చర్చల్లో రోజూ చూస్తున్నావుగా.

ప్రశ్న: వేదాల్లో గుడులు లేవంటారు. మరి ద్రాక్షారామం ఎప్పటిది?
— రామచంద్రపురం నుంచి

జవాబు: వేదకాలపు క్రతువుకి గుడి అక్కర్లేదు, వేదిక కట్టి అగ్ని వేల్చి పని కాగానే లేచిపోయేవారు. విగ్రహం, పూలు, నైవేద్యం తర్వాత వచ్చినవి. మధ్యప్రదేశ్‌లోని విదిశ దగ్గర హెలియోడోరస్ అనే గ్రీకు రాయబారి వాసుదేవుడికి గరుడస్తంభం నిలబెట్టింది క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో. తిరుపతి దగ్గరి గుడిమల్లం లింగం కూడా క్రీస్తుకు ముందుదేనని చాలామంది అంటారు. మన వైపు అప్పటికి గుంటుపల్లి కొండ మీద బౌద్ధ భిక్షువులుండేవారు. ఆ గుహలోని స్తూపాన్నే తర్వాత ఊరివాళ్లు శివలింగమని కొలిచారు. తర్వాత వేంగిని ఏలిన శాలంకాయన రాజులు చిత్రరథస్వామి అనే దేవుడి భక్తులు. ద్రాక్షారామం, సామర్లకోట భీమేశ్వరాలయాలు తూర్పు చాళుక్యులవి, 9–10 శతాబ్దాల నాటివి. స్థలపురాణం మాత్రం దక్షయజ్ఞం అక్కడే జరిగిందంటుంది. ఆ కథలో యజ్ఞానికి పిలుపు రాని దేవుడు శివుడే. వైదిక క్రతువుల్లో రుద్రుడి వాటా అందరికీ పెట్టగా మిగిలిన శేషం, కాబట్టి ఆ కథలో పాత జ్ఞాపకం కొంత ఉందనే నాకనిపిస్తుంది.