టెక్ సందేహాలు: వాచీలో 91, వేలికి పెడితే 97

ప్రశ్న: రాత్రి నిద్రలో నా స్మార్ట్ వాచీ ఆక్సిజన్ 91 అని నమోదు చేస్తోంది. 2021లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెడితే 97 వస్తోంది. అనుమానంతో నలభై సెకన్లు ఊపిరి బిగబట్టి చూశాను. ఛాతీ పగిలిపోతున్నట్లు అనిపించింది కానీ అంకె కదలలేదు. ఆక్సీమీటర్ పాడైందా?

జవాబు: పాడవలేదు. ఈ రెండింటిలో ఎక్కువ నమ్మదగినది వేలికి పెట్టేదే.

అందులో రెండు దీపాలుంటాయి. ఒకటి ఎర్రని కాంతి, రెండోది కంటికి కనిపించని పరారుణ కాంతి. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థం హిమోగ్లోబిన్. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ పరారుణాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ లేనిది ఎరుపును ఎక్కువగా పీల్చుకుంటుంది. వేలికి అవతల ఏ కాంతి ఎంత మిగిలిందో చూసి, హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత ఆక్సిజన్‌తో నిండి ఉందో లెక్క కడతారు. మరి మధ్యలో చర్మం, ఎముక, గోరు కూడా ఉన్నాయి కదా? ఈ చిక్కును విప్పినవారు జపాన్‌లోని నిహోన్ కోడెన్ సంస్థ ఇంజినీరు తకువో అవోయాగి. ఆయన మొదట వేరే పని మీద ఉన్నారు. రక్తంలోకి రంగు ఎక్కించి గుండె ఎంత రక్తాన్ని పంపుతోందో చెవి దగ్గర కాంతితో కొలుస్తుంటే, నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత చెదిరిపోయేది. ఆ చెదురే ధమని రక్తం జాడ అని ఆయన గ్రహించారు. నాడితో పాటు మారే కాంతిని మాత్రమే తీసుకుంటే ఎముక, చర్మం లెక్కలోంచి తప్పుకుంటాయి. 1974లో ఈ సంగతి ప్రకటించారు. అడ్డం అనుకున్నదాన్నే ఆధారం చేసుకున్న ఆ మనిషంటే నాకు ఎంతో గౌరవం.

వాచీలో కాంతి మణికట్టును దాటిపోదు, తాకి వెనక్కి వస్తుంది. ఆ సంకేతం బలహీనం. పట్టీ వదులైనా, చేయి తల కింద నలిగినా అంకె తప్పుతుంది. అయితే రోజూ రాత్రి తగ్గుతూ, గురక, పగటి నిద్రమత్తు కూడా ఉంటే మాత్రం డాక్టరుకు చూపించండి.

ఇక ఊపిరి బిగబట్టిన సంగతి. ఊపిరితిత్తుల చివర వాయుగోణులనే సన్నని గాలి సంచులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. గాలికీ రక్తానికీ నడుమ ఉన్న పొర మందం సుమారు అర మైక్రాన్. తల వెంట్రుక దానికి వంద రెట్లయినా లావు ఉంటుంది. వాయుగోణిలో ఆక్సిజన్ పీడనం దాదాపు 100 పాదరస మిల్లీమీటర్లు, శరీరం నుంచి తిరిగొచ్చిన రక్తంలో 40. ఏ పంపూ అక్కర్లేకుండా ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి ఆక్సిజన్ సాగిపోతుంది. అలా చేరిన ఆక్సిజన్‌లో నూటికి 98 వంతులు హిమోగ్లోబిన్ మీదే ప్రయాణిస్తుంది. హిమోగ్లోబిన్ పట్టు గట్టిది. పీడనం 100 నుంచి 60కి పడిపోయినా అది సుమారు 90 శాతం నిండుగానే ఉంటుంది. బిగబట్టిన ఊపిరిలో కూడా కొంత ఆక్సిజన్ మిగిలే ఉంటుంది కాబట్టి మీ 97 కదలలేదు. 90కి దిగువన మాత్రం ఆ పట్టు వేగంగా సడలుతుంది. అందుకే డాక్టర్లు ఆ గీతను అంత జాగ్రత్తగా చూస్తారు.

మీ ఛాతీని పిండేసింది ఆక్సిజన్ కొరత కాదు, పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్. దానిలో సుమారు 70 శాతం బైకార్బనేట్‌గా మారి ప్రయాణిస్తుంది. హిమోగ్లోబిన్‌ను పట్టుకుని వెళ్లేది ఇరవై శాతం పైచిలుకే, మిగిలిన కొద్దిభాగం రక్తంలో కరిగి ఉంటుంది. ఆక్సీమీటర్ దీపాలకు అది కనిపించదు.

ప్రశ్న: మా అమ్మకు రక్తహీనత ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. ఆక్సీమీటర్‌లో 99 వస్తోంది కదా, భయం లేనట్లేనా?

జవాబు: ఆ 99 చూసి ఊరుకోకండి. రక్తహీనత అంటే హిమోగ్లోబిన్ తగ్గడం. హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోసే బిందెలనుకోండి. పది బిందెలు నిండుగా ఉన్నా, ఐదు బిందెలే నిండుగా ఉన్నా, ‘ఎంత నిండాయి?’ అంటే జవాబు ఒకటే. పరికరం చెప్పేది నిండుదనం మాత్రమే, బిందెల సంఖ్య కాదు. ఆ సంఖ్య రక్త పరీక్షలో తెలుస్తుంది. వెంటనే చేయించండి.

ఇదే కారణంతో ఇంకో ప్రమాదం ఉంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, జనరేటర్ వాడితే వెలువడే కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టేస్తుంది. మామూలు ఆక్సీమీటర్ దాన్నీ ఆక్సిజన్‌గానే లెక్కేసి మంచి అంకె చూపిస్తుంది. తలనొప్పి, వాంతి వస్తే దయచేసి పరికరం కోసం వెతకకండి, అందరినీ బయటి గాలిలోకి తీసుకెళ్లి ఆసుపత్రికి చేర్చండి.

ప్రశ్న: ఫోను కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెప్పే యాప్‌లు పనిచేస్తాయా?

జవాబు: వాటిని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఫోను ఫ్లాష్ తెల్లని కాంతి, దానిలో పరారుణం దాదాపు ఉండదు. కెమెరా ముందున్న ఫిల్టరు పరారుణాన్ని ఎలాగూ అడ్డుకుంటుంది. వేలికి పెట్టే పరికరమే కొనుక్కోండి. గోళ్లరంగు, నల్ల గోరింటాకు లేని వేలికి, చేయి వెచ్చగా ఉన్నప్పుడు, ఐదు నిమిషాలు కూర్చున్నాక పెట్టండి. చర్మం ముదురు రంగులో ఉన్నవారికి ఈ పరికరాలు అసలు కన్నా ఎక్కువ అంకె చూపే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో హెచ్చరించింది. కాబట్టి 93, 94 వస్తూ ఆయాసం కూడా ఉంటే, అంకె ఇంకా తగ్గేదాకా ఆగకండి.