పిల్లల పుస్తకాలు రాసి, బొమ్మలు కూడా గీసిన అమెరికా రచయిత డాక్టర్ స్యూస్ పేరు మీదున్న తోటలోని శిల్పాలు ఆయనే చేశారా?

లేదు, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న ఆ కంచు బొమ్మలన్నీ చేసింది ఆయన రెండో భార్య ఆడ్రీ కూతురు, శిల్పి లార్క్ గ్రే డైమండ్-కేట్స్. స్యూస్ 1904లో ఆ ఊళ్లోనే పుట్టారు, కానీ 1991లో పోయారు, తోట తెరిచింది 2002లో. ఆమె పని తేలికైనది కాదు. ఉదాహరణకి స్యూస్ కథలో యెర్టల్ అనే తాబేలు రాజు ఎక్కి కూర్చునే తాబేళ్ల దొంతరే తీసుకోండి, పుస్తకంలో మనకి ఒక వైపే కనిపిస్తుంది, ఇక్కడ పిల్లలు చుట్టూ తిరిగి చూస్తారు కాబట్టి ఆయన గీయని వైపులు కూడా ఆమే ఊహించి, ఆ అల్లరి గీత పోకుండా మలచాలి. నిజంగా మెచ్చుకోవాల్సిన పని.

స్యూస్ 1930ల్లో అసలైన కొమ్ములు, ముక్కులు అతికించి వింత జంతువుల తలలు చేసిన మాట నిజమే, చాలామంది పొరబడేది అక్కడే, అవి వేరు, ఈ తోట వేరు.