నిర్వచనాలన్నీ నోటికొచ్చు, కొత్త కథ ఇస్తే మాత్రం బిక్కమొహం: మా ఇంట్లో ఏం పనిచేసిందంటే

మీ ప్రశ్న చదవగానే నా ఎనిమిదో తరగతి తెలుగు పేపర్ గుర్తొచ్చింది. పాత్ర, నేపథ్యం, సంఘర్షణ, ఇతివృత్తం, దృష్టికోణం అన్నిటికీ మీ అమ్మాయి నిర్వచనాలు గడగడా చెప్పేస్తుంది, చదవని కథ ఇచ్చి వీటిని గుర్తించమంటే మాత్రం ఆగిపోతోంది అన్నారు. నాదీ అచ్చం అదే పరిస్థితి. "నేపథ్యం అంటే కథ జరిగే కాలం, స్థలం" అని బట్టీ పట్టి వెళ్లాను. పరీక్షలో ఇచ్చిన కథకు "కాలం: ఒక రోజు, స్థలం: ఒక ఊరు" అని రాసొచ్చాను. సున్నా వచ్చింది. నిర్వచనం ప్రకారం తప్పేముంది అని ఇప్పటికీ కాస్త కడుపుమంటే.

అసలు విషయం నాకు తలకెక్కింది చాలా ఏళ్ల తర్వాత, మా అక్క కొడుక్కి చెప్పాల్సి వచ్చినప్పుడు. వాడప్పుడు ఏడో తరగతి. మొదట నేనూ అందరూ చేసే పనే చేశాను. రంగు పెన్నులతో చార్ట్ రాసి గోడకి అంటించాను. రెండు వారాల్లో చార్ట్ మొత్తం వచ్చేసింది, కథ ఇస్తే మళ్లీ మొదటికే. విసుగొచ్చి దాన్ని పీకేసి, అప్పటికప్పుడు ఒక చిన్న కథ అల్లాను.

ఒక పిల్లాడు సాయంత్రం బడి నుంచి వస్తాడు. ఇంటి తాళంచెవి ఎక్కడో పారేసుకున్నాడు. అమ్మ రావడానికి ఇంకా గంట పడుతుంది. వాన దంచికొడుతోంది, గుమ్మం ముందు నిలబడ్డానికి నీడ లేదు. పక్కింటివాళ్లతో వీళ్లకి మాటల్లేవు, వాళ్ల గడప తొక్కొద్దని అమ్మ గట్టిగా చెప్పింది. చివరికి వాడు వెళ్లి ఆ తలుపు కొడతాడు. అంతే కథ.

ఏ పదానికీ అర్థం చెప్పలేదు. "వాన తీసేద్దాం, ఏమవుతుంది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మెట్ల మీద కూర్చుని ఆడుకుంటాడు మావయ్యా. తలుపెందుకు కొడతాడు? కథే లేదు" అన్నాడు. అప్పుడు చెప్పాను, దాన్నే నేపథ్యం అంటారని. వాన, సాయంత్రం, నీడ లేని గుమ్మం, ఇవన్నీ కలిసి ఆ పిల్లాణ్ని ఆ తలుపు దాకా నెడుతున్నాయి. నా పాత జవాబులో లేనిది అదే.

"మరి ఈ కథలో విలన్ ఎవరు?" అంటే తడుముకోకుండా "తాళం" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ వాడి మాటలో న్యాయం ఉంది. ప్రతినాయకుడంటే మీసాలు మెలేసే మనిషే అయి ఉండాలని ఏం లేదు, కథానాయకుడికి అడ్డుపడేది ఏదైనా కావచ్చు. సరే, తాళం కూడా తీసేసి చూద్దాం అన్నాను. తలుపు తీసే ఉంది, లోపలికెళ్లి తల తుడుచుకున్నాడు, అయిపోయింది. ఇలా అడ్డుపడేవాటితో పడే పెనుగులాటే సంఘర్షణ. తాళం, వాన బయటి సంఘర్షణ. అమ్మ మాట దాటాలా వద్దా అనేది లోపలిది. ఈ కథకి ప్రాణం ఆ రెండోదే, దాన్ని వాడే పట్టుకున్నాడు.

అన్నిటికన్నా బాగా పండింది దృష్టికోణం, అంటే కథని ఎవరి కళ్లతో చెప్తున్నామనేది. ఇదే సంగతి పక్కింటావిడ చెప్తున్నట్టు రాయమన్నాను. వాడు రాసిన మొదటి వాక్యం నాకింకా గుర్తుంది: "కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, పిలిస్తే వాళ్లమ్మ ఏమంటుందో అని పిలవలేదు." సంఘటన ఒక్కటే, కథ మాత్రం వేరే. నిర్వచనం అడగాల్సిన పనే లేకపోయింది. ఇక్కడొక జాగ్రత్త: ఇంగ్లిష్‌లో ఫస్ట్ పర్సన్ అంటే తెలుగులో ప్రథమ పురుష కాదు. "నేను" అని చెప్పేది ఉత్తమ పురుష. "అతను, ఆమె" అని చెప్పేది ప్రథమ పురుష. రెండు భాషల్లోనూ ఇవే పాఠాలు చదివే పిల్లలు చాలామంది ఇక్కడ పప్పులో కాలేస్తారు.

ఇతివృత్తం దగ్గర తప్పు పిల్లలది కాదు, మనదే. ఒకరు కథలో సంఘటనల అల్లికని ఇతివృత్తం అంటారు, ఇంకొకరు "స్నేహం ఇతివృత్తంగా సాగే కథ" అంటారు. మీ అమ్మాయి పాఠ్యపుస్తకం ఏ అర్థంలో వాడిందో ముందు చూడండి. నేనైతే రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగేవాణ్ని: ఏం జరిగింది, ఎందుకు జరిగింది అనేది ఒకటి, ఇదంతా దేని గురించి అనేది రెండోది. మొదటిదానికి ఇంగ్లిష్ నవలా రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో ఇచ్చిన ఉదాహరణ పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది. రాజు చనిపోయాడు, తర్వాత రాణి చనిపోయింది అంటే ఉత్త కథ. రాజు పోయిన దిగులుతో రాణి చనిపోయింది అంటే అల్లిక. "దిగులుతో" అన్న చోట గీత గీయించండి చాలు. రెండో ప్రశ్నకి మావాడు మొదట్లో "అమ్మ మాట వినాలి" అని నీతి రాసేవాడు. కథ దేని గురించో చెప్పడం వేరు, బుద్ధి చెప్పడం వేరు.

ఆరంభం, పతాక సన్నివేశం, ముగింపు అంటూ కొండ ఆకారంలో వేసే బొమ్మ మీద ఎక్కువ టైమ్ పెట్టకండి. గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత 1863లో గ్రీకు, షేక్‌స్పియర్ నాటకాలని చూసి, ఐదంకాల నాటకం కోసం చేసిన విభజన అది. రెండు పేజీల కథని అందులో ఇరికించబోతే పిల్లలు లేని శిఖరాన్ని వెతుక్కుంటారు.

అలంకారాలకీ ఆ వాననే వాడాం. "వాన సూదుల్లా గుచ్చుతోంది" అంటే ఉపమ. వాన ఉపమేయం, సూదులు ఉపమానం, గుచ్చడం సమానధర్మం, "లా" ఉపమావాచకం. ఆ "లా" తీసేసి "వాన సూదులు గుచ్చుతున్నాయి" అంటే రెండూ ఒకటైపోయాయి, రూపకం. "ఆకాశం కోపంతో సూదులు విసురుతోందేమో!" అంటే ఊహ, అది ఉత్ప్రేక్ష. ఒక్క వాక్యాన్నే తిప్పి తిప్పి రాయిస్తే తేడా కంటికి కనిపిస్తుంది. వేరువేరు ఉదాహరణలు ఇస్తే దేనికదే బట్టీ పడతారు.

పరీక్షలో లక్షణం (అంటే నిర్వచనం), సమన్వయం (దాన్ని ఇచ్చిన వాక్యానికి అన్వయించి చూపడం) పద్ధతిగా రాయకపోతే మార్కులు పోతాయి కాబట్టి నిర్వచనాలు మానేయమనను. మేం వాటిని పరీక్షకి వారం ముందు పెట్టుకున్నాం. అప్పటికి వాడికి అవి కొత్తగా అనిపించలేదు, రెండు రోజుల్లో అయిపోయాయి. రోజూ మాత్రం ఒక కథ, అందులోంచి తీసేయడానికో మార్చడానికో ఒక్క వస్తువు, పావుగంట. కొన్ని రోజులు అదీ కుదిరేది కాదు, పోనిమ్మని వదిలేసేవాణ్ని.